దొరసానమ్మ పెట్టిన మాట

మా మనవరాలికి, అంటే నా కూతురి కూతురికి, మద్రాసులో ఫోన్లు ఎత్తి మాట్లాడే ఉద్యోగం వచ్చింది. చేరేముందు పలుకు సరిచేసుకోమని వాళ్ళే ఏవో పాఠాలు పంపించారట. మొన్న సాయంత్రం అది వసారాలో కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒకే ఇంగ్లీషు మాటను మూడు నాలుగు రకాలుగా పలుకుతూ ఉంటే, నేను పక్కనే చింతపండులో గింజలు తీస్తూ వింటూ ఉన్నాను. అమెరికావాళ్ళు ఇట్లా అంటారట, లండనువాళ్ళు ఇంకోలా అంటారట, అవతల ఫోను చేసిన మనిషిది ఏ దేశమో చూసుకుని ఇవతల మనం నాలుక తిప్పుకోవాలట, మన నెల్లూరు వాసన మాత్రం ఎక్కడా తగలకూడదట. వినీ వినీ నా నోరు ఊరుకోలేదు. గాలి ఎక్కువగా ఉంది, తలుపు వేయమని చెప్పే ఇంగ్లీషు వాక్యం ఒకటి ఏనాటి నుంచో నా లోపల పడి ఉంటే, దాన్ని పైకి అనేశాను.

మనవరాలు చెవుల్లో తీగలు పీకేసి నా వంక చూసింది. “అవ్వా, ఇంకోసారి చెప్పు” అన్నది. చెప్పాను. “యాడ నేర్చుకున్నావే అవ్వా దీన్ని? స్కాట్లాండులో చేపలమ్మే ముసలమ్మలు మాట్లాడే మాదిరుండాది. మాకు నవ్వుకోను ఒక వీడియో చూపించినారు, అచ్చం ఇట్నే” అని పడీ పడీ నవ్వింది. దాని నవ్వులో విషం లేదు, పసిపిల్ల. అయినా నేను చింతపండు చేట తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ నవ్వు నాకు కొత్త కాదు. అదెక్కడిదో దానికి చెప్పబుద్ధి కాలేదు. నా ఈడు వాళ్ళయితే అర్థం చేసుకుంటారని ఇక్కడ రాస్తున్నాను. నలభైకి దగ్గరపడ్డాక అక్షరాలు దిద్దినదాన్ని, వంకర టింకరలుంటే సర్దుకోండి.

మైపాడు నుంచి నెల్లూరుకు వచ్చే దారిలో, సరుగుడు తోపులు దాటాక, ఆ రోజుల్లో ఒక మిషను కాంపౌండు ఉండేది. ఒకే ప్రహరీ లోపల ఆస్పత్రి, గుడి, ఆడపిల్లల బడి, అన్నిటికీ ఎగువన ఎత్తు అరుగుల బంగళా. ఓడపనికని మద్రాసు పోయిన మా నాన్న తిరిగి రాకపోతే, మా అమ్మ నన్ను చంకనేసుకుని పోయి ఆ బంగళా వంటింట్లో పనికి కుదిరింది. మా పిన్ని, అమ్మకు చెల్లెలు, అదే ఆస్పత్రిలో నర్సు. చిన్నప్పుడే బడిలో చేర్చినందువల్ల ఆమెకు చదువు వచ్చింది, తెల్లచీర వచ్చింది, నలుగురిలో కుర్చీ వచ్చింది. బంగళాలో ఉండేది దొరసానమ్మ. పెళ్ళి చేసుకోలేదు. డాక్టరు కాదు గానీ ఆస్పత్రి పెత్తనమంతా ఆమెదే. ఉత్తరాన ఎక్కడో చలిసముద్రం ఒడ్డున, చేపలు పట్టే ఊళ్ళో పెద్దింటి బిడ్డగా పుట్టిందని చెప్పుకునేవారు.

ఆమె తెలుగు సంగతి ముందు చెప్పాలి. మన దేశానికి వచ్చి ఎన్నేళ్ళయినా ఆమెకు మెత్తని దకారం నోరు తిరగలేదు. దేవుణ్ణి “డేవుడు” అనేది, దయను “డయ” అనేది. మేమెవ్వరమూ నవ్వలేదు. నవ్వకపోవడం అటుంచి, మా పాస్టరయ్యగారు, పుట్టు నెల్లూరు మనిషి, ఇంట్లో బ్రహ్మాండంగా తెలుగు మాట్లాడేవాడు, గుడిలో ప్రసంగానికి లేచేసరికి తానూ “డేవుడు” అనడం మొదలుపెట్టాడు. అట్లా అంటేనే వాక్యానికి బరువొస్తుందని సంఘమంతా నమ్మింది. ఆమె తప్పు మాకు భక్తి అయి కూర్చుంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నోటి తప్పులకు ఎవరు నవ్వాలో, ఎవరు నవ్వకూడదో అప్పట్లో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసి ఉండేది.

నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు దొరసానమ్మ నన్ను చేరదీసింది. మధ్యాహ్నం ఎండ వాలాక వెనక మెట్ల మీద కూర్చుని, బూట్లు విప్పుకుని, నేను బియ్యంలో రాళ్ళేరుతూ ఉంటే ఒక్కొక్క ఇంగ్లీషు మాటే చెప్పి నాతో అనిపించేది. ఆ మాటలు మా నోటికి బాగానే పట్టాయి. రకారం వచ్చిందంటే నాలుక కొసన గడగడమని దొర్లించాలి, అది మాకు పుట్టుకతో వచ్చిందే. ఇంటిని “హూస్” అనాలి, ఆవును “కూ” అనాలి. రాత్రి అనే మాట చివరకొచ్చేసరికి, గొంతులో చేపముల్లు ఇరుక్కుంటే కక్కే చప్పుడు ఒకటి చెయ్యాలి. నేను దాన్ని సరిగ్గా పలికిన రోజు ఆమె నన్ను దగ్గరకు లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టింది. మా అమ్మ కూడా ఎప్పుడూ అట్లా పెట్టింది లేదు. రెండేళ్ళు తిరిగేసరికి నేను ఆమెతో గలగలా మాట్లాడేదాన్ని, ఒక్క అక్షరం తెలియకుండానే.

వేరే తెల్లవాళ్ళు వచ్చినప్పుడు ఆమె ఇంకోలా మాట్లాడటం నేను గమనించకపోలేదు. అప్పుడు రకారాలన్నీ మింగేసేది, మాట మెత్తగా, వెన్న రాసినట్టు జారేది. అయితే దానికి నేను నా అంతట ఒక అర్థం చెప్పుకున్నాను. మన ఇళ్ళల్లో చూడండి. మా అమ్మ వంటింట్లో నన్ను “యాడ సచ్చినావే” అని పిలిచేది. అదే మనిషి కళ్ళు మూసుకుని ప్రార్థనకు కూర్చుంటే “ప్రభువా, నీవు మాకు దయచేయుదువు గాక” అని, చదవనైనా రాని పుస్తకభాష మాట్లాడేది. మా సంఘంలో ఎవరూ మైపాడు మాటతో దేవుడి దగ్గరికి పోయింది లేదు. ఇంటికొక మాట, బయటికొక మాట. దొరసానమ్మకూ అట్లాగే రెండు మాటలున్నాయి, వచ్చిపోయే వాళ్ళకు బయటిమాట, నాకు మాత్రం లోపలిమాట పెట్టిందని అనుకున్నాను. అంటే నేను ఆమెకు ఇంటి మనిషినని. ఆ గర్వం నాకు ఎంతుండేదంటే, బడిపిల్లలు టీచర్ల దగ్గర ఇంగ్లీషు పాఠం వల్లిస్తుంటే, పాపం వీళ్ళకు బయటిమాటే దొరికింది గదా అని జాలిపడేదాన్ని.

ఏటేటా కోతపండగకు మా గుడిలో వేలం జరుగుతుంది, మీకు తెలిసిందే. సంఘస్థులు తొలిపంటగా వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, మా మైపాడు రేవు వాళ్ళయితే ఎండుచేపలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడి ఆ సొమ్ము గుడికి చేరుస్తారు. ఆ రోజుకు నెల్లూరు నుంచి, గూడూరు అభ్రకం గనుల నుంచి తెల్లదొరలు, దొరసానులు వచ్చేవారు. దొరసానమ్మ నాకు గౌను తొడిగి, పీట ఎక్కించి, వేలం నా చేత ఇంగ్లీషులో పాడించేది. నేను గుమ్మడికాయ చంకనెత్తుకుని ఆ రకారాలు దొర్లిస్తూ, గొంతులో ముల్లు చప్పుడు చేస్తూ కేక వేస్తే, ముందు వరుసలో దొరలు పొట్టలు పట్టుకునేవారు, దొరసానులు రుమాళ్ళు తీసేవారు, ఇంకా పాడించడానికని పాట పెంచుకుంటూ పోయేవారు. నవ్వితే సంతోషమే అనుకున్నాం. మా అమ్మ గుడి పక్క వాకిట్లో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకునేది. మా పిన్ని నర్సుల వరుసలో తలవంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఆమె కూడా ఏడుస్తోందనే అనుకున్నాను.

నాకు పదహారు దాటాక ఆస్పత్రిలో ఆడవాళ్ళకు కొత్త వార్డు కట్టారు. అక్కడికి కొన్ని నెలల కోసమని వచ్చిపోయే తెల్లడాక్టర్లకు తెలుగు రాదు, కాన్పులకొచ్చే మా పల్లెల ఆడవాళ్ళకు ఇంగ్లీషు రాదు. మంచం పక్కన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసే మనిషి కావాలన్నారు. ఆ పని దొరికినవాళ్ళకు ఆస్పత్రి వెనక ఒక గది ఇస్తారు, సాయంత్రం నర్సుపిల్లలతో పాటు కూర్చుని అక్షరాలు నేర్చుకోవచ్చు. నాకు గది అక్కర్లేదు, అక్షరాలు కావాలి. బడికి పోయే పిల్లల పలకలను కిటికీలోంచి చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి. అమ్మకు సాయం కావాలి, మాకంత స్తోమత లేదు, అందుకే నన్ను బడిలో వెయ్యలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఈ పని మాత్రం నాకు తప్ప ఎవరికిస్తారు అని ధీమా. కాంపౌండు మొత్తం మీద దొరసానమ్మతో ఇంగ్లీషులో కబుర్లు చెప్పగలిగే నల్లమనిషిని నేనొక్కదాన్నే.

మనిషిని ఎంచే బాధ్యత మద్రాసు నుంచి వచ్చిన డాక్టరమ్మది. అరవ మనిషి, దొరసానమ్మ దేశంలోనే చదివి వచ్చింది, తెలుగులో అరవం కలిపి మాట్లాడేది. నన్ను ఎదురుగా నిలబెట్టి, నీ ఊరేది, నిన్న ఏమి వండినారు అని ఇంగ్లీషులో అడిగింది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె నవ్వలేదు. ఇంగ్లీషు వచ్చి నా మాటకు నవ్వని కొత్త మనిషిని అదే మొదటిసారి చూడటం, ఏదో పొరపాటు చేశానని భయం వేసింది.

“ఈ మాట నీకు ఎవరమ్మా నేర్పించినారు?” అన్నది, తెలుగులోకి దిగి.

దొరసానమ్మ అని చెప్పాను.

“ఆమె నాతో ఎప్పుడన్నా ఇట్లా మాట్లాడంగా నువ్వు విన్నావా?”

వినలేదన్నాను. ఆమె చెప్పనా వద్దా అని తూచుకున్నట్టుంది, చెప్పేసింది. “ఇది తప్పు మాట కాదమ్మా. ఆ ఊరి చేపలోళ్ళకి, పనోళ్ళకి ఇదే మాట, వాళ్ళకి బాగుంటాది. పెద్దింటోళ్ళు మాత్రం దీన్ని నవ్వుకోడానికి పెట్టుకున్నారు. నాటకాల్లో పనిమనిషి వేషానికి ఈ మాటే పెడతారు. రేపు వార్డులో ఈమెకి నెత్తురు ఆగలేదు, తొందరగా రండి అని నువ్వు చెప్తే, ఆ డాక్టరు ముందు నవ్వుతాడు, తర్వాత వింటాడు. నేను ఎట్లా పెట్టుకునేది నిన్ను, నువ్వే చెప్పు.”

ఆ పని బడిలో ఎనిమిదో తరగతి చదివిన పిల్లకు పోయింది. నేను జాలిపడిన బయటిమాట ఆ పిల్లకు అన్నం పెట్టింది.

నేరుగా పిన్ని దగ్గరికి పోయాను. ఆస్పత్రి వెనక గుడ్డలు ఉడకబెట్టే అండా దగ్గర నిలబడి ఉంది. డాక్టరమ్మ చెప్పింది చెప్పి, నీకు ముందే తెలుసా అని అడిగాను.

“తెలుసుమే” అన్నది, కట్టెతో గుడ్డలు తిప్పుతూనే.

“తెలిసి ఎందుకు చెప్పలేదు పిన్నీ?”

“చెప్తే ఏమవతాది? నువ్వు నోరు మూసుకుంటావు, ఆమెకి కోపమొస్తాది, మీ అమ్మని ఎల్లగొడతాది. ఆ వంటిల్లు కాకుంటే మీకు యాడుండాది చోటు? నవ్వితే నవ్వినారులే, ఒళ్ళు కాలిందా.”

“నువ్వు కూడా నవ్వినావు గదా.”

పిన్ని అండా కింద ఇంకో కట్టె తోసింది. ఆవిరిలో ఆమె ముఖం సరిగ్గా కనపడలేదు. దాచుకున్నదేదో ఇంక మొయ్యలేనట్టు, “ఇదొకటే కాదుమే” అన్నది. “బడి పెద్దటీచరమ్మ నిన్ను బడిలో వేస్తానని అడిగింది. ఊరికే వేసుకుంటాను, ఫీజొద్దు అని కూడా అనింది. దొరసానమ్మే పడనియ్యలా. టీచర్ల మాట అంటుకుంటే నీ పలుకు చెడిపోతాదంట. అప్పుడు గదిలో నేనే ఉండా.”

దొరలు నవ్వారంటే ఓర్చుకోగలను. దొరసానమ్మ నన్ను ఆటబొమ్మను చేసిందంటే అదీ ఓర్చుకుందును. తన చెవికి ఇంపుగా ఉండాలని నన్ను పలకకు దూరంగా ఉంచిందని, నా సొంత పిన్ని పక్కనే నిలబడి విని, తను మాత్రం పుస్తకం చంకలో పెట్టుకుని తిరుగుతూ ఇన్నేళ్ళూ పెదవి విప్పలేదని తెలిసిన రోజున నాకు ఏడుపు రాలేదు. నోరు చేదెక్కింది, అంతే. మా అమ్మకు నేనీ సంగతి చెప్పలేదు. నా బిడ్డ దొరలతో సమానంగా మాట్లాడుతుందని ఆమె రేవంతా చాటింపు వేసుకుని బతికింది. ఆ మాట మీదే పోయింది.

ఆ ఏడు కోతపండగకు మళ్ళీ పీట ఎక్కించారు. ముందు వరుసలో దొరలు సర్దుకుని కూర్చున్నారు, దొరసానమ్మ నా వైపు చూసి తల ఊపింది. నేను సొరకాయ ఎత్తుకుని, “ఇదిగో చూడండయ్యా, సొరకాయ. నిన్న కోసింది. గోరు గుచ్చి చూసుకోండి, నీళ్ళు కారతాయి. ఎవురు పాడతారో పాడండి” అన్నాను, మా రేవు మాటలో. గుడి గుడంతా గతుక్కుమంది. దేవుడి ముందు, దొరల ముందు, ఆ పీట మీద నుంచి ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. పాస్టరయ్యగారు కళ్ళు పెద్దవి చేశాడు. వెనక నుంచి మా రేవు ముసలమ్మ ఒకామె, “నాకియ్యిమే దాన్ని. ఆ దొరలకేం తెలుసు, పులుసు పెడతారా పాడా” అన్నది. సంఘమంతా ఒక్కసారి గొల్లుమన్నది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక దొరలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఒక్క క్షణం మాత్రం నాకు బాగుంది, అబద్ధమెందుకు.

సాయంత్రం దొరసానమ్మ వంటింట్లోకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. మా అమ్మ గుడిలో ఊడుస్తూ ఉంది. “నువ్వు ఎండుకు ఇట్లా చేసినావు?” అని తెలుగులో అడిగింది. నాలో ఉన్నదంతా ఆమె ముఖాన కొట్టాలనుకున్నాను. తెలుగులో అంటే సగం అర్థం కాదు. ఇంగ్లీషులో అందామంటే నా దగ్గరున్నది ఆమె పెట్టిన మాటొక్కటే. దాంతోనే అన్నాను. బడి సంగతి, వార్డు సంగతి, నవ్వుల సంగతి, రకారాలు దొర్లిపోతుండగా, గొంతులో ముల్లు తెగిపోతుండగా అరిచాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పశ్చాత్తాపపడుతోంది, నా ఏడుపు తగిలింది అనుకున్నాను. ఆమె వంటబల్ల పట్టుకుని కూర్చుని, తన లోపలిమాటలోనే, చిన్నప్పుడు తన్ను పెంచిన ఆయా కోపమొస్తే అచ్చం ఇట్లాగే తిట్టేదని, ఆమె చచ్చిపోయాక మళ్ళీ ఇన్నేళ్ళకు ఇప్పుడు వింటున్నానని, ఇంకోసారి అనమని అడిగింది.

ఇంకోసారి అనమని. నేను చెప్పింది ఏదీ ఆమె చెవిన పడలేదు, పలుకొక్కటే పడింది. ఊరి మీద బెంగ అందరికీ ఉంటుంది, కాదనను, కన్నవాళ్ళను వదిలి అంత దూరం వచ్చిన మనిషి. ఆ బెంగ తీర్చుకోవడానికి నా నాలుకను కోసుకుని తన దగ్గర పెట్టుకోవడమేమిటని నా ప్రశ్న. పెద్దామె, ఒంటరిది, క్షమించమని గుడిలో చాలామంది చెప్పారు. వాళ్ళ అక్షరాలకు ఎవరూ అడ్డం పడలేదు, వాళ్ళు క్షమిస్తారు.

కొన్నేళ్ళకు ఆమె దేశం వెళ్ళిపోయింది. గూడూరు జంక్షనులో రైలెక్కించడానికి సంఘమంతా పోతే, అమ్మ బలవంతం మీద నేనూ పోయాను. తెల్లవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళందరి ఎదుట ఆమె నా చెయ్యి పట్టుకుని వీడ్కోలు చెప్పింది, ఆ వెన్న రాసిన బయటిమాటలో, రకారాలు మింగేసి. నాతో ఆమె ఆ మాట మాట్లాడటం అదే మొదలు, అదే చివర.

ఇప్పుడా బంగళా లేదు, ప్రహరీ కూడా లేదు, ఆ స్థలంలో రొయ్యలకు ఐసు కొట్టే ఫ్యాక్టరీ ఉంది. కోతపండగ వేలం మైకులో పాడుతున్నారు, మా రేవు మాటలోనే, ఎవరూ గతుక్కుమనడం లేదు. పిల్లలకు పలుకు నేర్పే చోట్లు వీధికొకటి వచ్చాయి. డబ్బు కడతారు, ఏ దేశం పలుకు, ఎవరి కోసం, ఎందుకు అని ముందే అడిగి చేరతారు, నచ్చకపోతే మానేస్తారు. మన మాటను నాలుక మీద నుంచి గీకేస్తున్నారని నాకు కష్టంగానే ఉంటుంది, కానీ గీకుతున్నామని ముఖాన చెప్పి గీకుతున్నారు. మా రోజుల్లో ఏదీ డబ్బు పెట్టి కొన్నది కాదు, అంతా ప్రేమగా పెట్టిందే. రేవులో చేప కొనేటప్పుడు ఎంత ఎరిగిన మనిషి దగ్గరైనా మొప్ప ఎత్తి చూసి మరీ కొంటాం. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోట్లో పెట్టిన ముద్దను ఎవరు విప్పి చూస్తారు?